ఉప్పునీళ్ళకు పోని ఎరుపు

మొదటి తొట్టిలోంచి నూలు పాలిపోయి లేస్తుంది.

పాలలో చిటికెడు పసుపు కలిపినట్టుంటుంది. జ్వరపడి లేచిన మనిషి కళ్ళలా ఉంటుంది. దాన్ని చూసి ఇది ఫలానా రంగని ఎవరూ చెప్పలేరు.

ఆ నూలు చిలపను పిండుతారు. విదిలిస్తారు. రెండో తొట్టిలో ముంచుతారు.

అంతే—ఎరుపు.

ఒక్క ముంపులో. లోపలెక్కడో దాగినదేదో తలుపు తోసుకుని బయటికి వచ్చినట్టు. తడి ఎరుపు, వేడి ఎరుపు, చూస్తున్న కళ్ళలోకి కూడా పాకే ఎరుపు.

చిన్నప్పుడు అరుణశ్రీ బడికి పోయే ముందు అద్దకం షెడ్డు గుమ్మంలో నిలబడి ఆ ముంపు కోసం ఎదురుచూసేది. సోడా ఘాటుకి కళ్ళు మండేవి. ఆవిరికి జడలు తడిసి బరువెక్కేవి. అయినా కదిలేది కాదు.

జోగయ్య తొట్టి మీద వంగి ఉండేవాడు. మోచేతుల దాకా ఎర్రబడ్డ చేతులతో చిలపను పైకెత్తి ఆమెకు చూపించేవాడు.

"సూసినావా గుంటా? ఎలగొచ్చిందో సూడు!"

ఆమె చప్పట్లు కొట్టేది.

ఆ ఎరుపు పేరే ఆమె పేరు. పెట్టింది నాయనమ్మ తవిటమ్మ. పుట్టిన పిల్లను తెల్లగుడ్డలో చుట్టి చేతికిస్తే, తవిటమ్మ ఆ గుడ్డ తీయించి తమ గావంచా తెప్పించి చుట్టిందట. "మన పిల్ల మన గుడ్డలోనే ఉండాల" అందట.

మన గుడ్డ.

ఆ మాట వెనక ఒక సముద్రం ఉంది.

*

నరసన్నపేట నుంచి కళింగపట్నం వైపు పోయే దారిలో, గెడ్డ ఒడ్డున వాళ్ళ ఊరు. ఎక్కడో మెట్టల మీద పడ్డ వాన ఆ గెడ్డలో చేరి వంశధారకు పోతుంది. వంశధార సముద్రానికి పోతుంది. ఊళ్ళో ఒకప్పుడు ఇంటికో గుంట మగ్గం ఉండేది. తాత లక్ష్ముడు నేసేవాడు, తవిటమ్మ అమ్మేది.

నేసినవి గావంచాలు. నెత్తికి పాగా అదే, నడుముకి కట్టు అదే. తడిస్తే తుడుచుకునేదీ, నిద్రొస్తే పరుచుకునేదీ, ఏడుపొస్తే మొహానికి అడ్డం పెట్టుకునేదీ అదే.

తవిటమ్మ మూట నెత్తిన పెట్టుకుని కళింగపట్నం నడిచి పోయేది. చేపలు ఎండేసిన ఇసుకలో మూట దించేది. బెస్త ఆడవాళ్ళు చుట్టూ మూగేవారు. వాళ్ళకి ఎరుపు కావాలి. వేటకు పోయిన మగవాడు తిరిగొస్తుంటే ఒడ్డు మీంచి ముందు కనబడేది పడవ కాదు, నెత్తిన గుడ్డ. ఎర్రటి చుక్క. చుక్క కనబడితే పొయ్యి వెలిగించేవారు.

కాని ఆనాటి ఎరుపు పిరికిది. ఉప్పునీళ్ళు తగిలితే పారిపోయేది. ముందు గులాబీ... తర్వాత బూడిద... తర్వాత ఏమీ లేదు.

ఒక ఏడాది గంగులు అనే పడవవాడు పోయాడు.

పడవ బోల్తా పడింది. గంగులూ అతని తమ్ముడూ చెరో చెక్కా పట్టుకుని తేలారు. వెతకడానికి పోయిన పడవ ఆ ఇద్దరికీ కనిపించింది. గంగులు నెత్తి మీది గావంచా విప్పి ఊపాడు. ఊపుతూనే ఉన్నాడు. పడవ వాళ్ళ వైపు తిరగలేదు. కొట్టుకుని కొట్టుకుని ఒడ్డు చేరిన తమ్ముడు ఆ సంగతి చెప్పాడు. అన్న చేతిలోంచి జారిన గుడ్డ కూడా తెచ్చాడు.

గంగులు పెళ్ళాం ఆ గుడ్డను తెచ్చి తవిటమ్మ మూట మీద వేసింది.

"నీ ఎరుపు ఏటైపోనాదే తవిటీ? సంద్రం రంగూ, గుడ్డ రంగూ ఒకటే అయిపోనాయి. మరి నా మొగుడు ఎవులికి అగుపిస్తాడే?"

తిట్టలేదు. ఏడవలేదు. అడిగింది.

తవిటమ్మ మూట విప్పకుండానే ఇంటికి తిరిగొచ్చింది. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న మొగుడితో ఒక్కటే మాట అంది.

"ఉప్పు తిననేని ఎరుపు కావాల."

ఆ మాట పట్టుకుని తిరిగింది. విజయనగరం అద్దకంవాళ్ళ వాకిళ్ళలో కూర్చుంది. వాళ్ళు చెప్పలేదు. కూర్చుంది. వాళ్ళ పిల్లలను ఎత్తుకుంది, వాళ్ళ రంగు గోళాలు తోమింది, కూర్చుంది. చివరికి ఒక ముసలాయన జాలిపడి చెప్పాడు—రెండు తొట్లు, రెండు పొడులు. ఒకటి నూలులోకి దూరుతుంది. రెండోది దాన్ని వెతుక్కుంటూ పోయి పట్టుకుంటుంది. ఒకసారి పట్టుకుంటే ఇక వదలదు.

మొదటి గావంచాను తవిటమ్మ తీసుకుపోయి కళింగపట్నంలో, కెరటం వచ్చిపోయే చోట, వెదురు పాతి కట్టింది.

కెరటం వచ్చింది. పోయింది. ఎండ కాసింది. వానలు వచ్చాయి. ఉప్పుగాలికి గుడ్డ అంచులు పోగులు పోగులుగా ఊడిపోయాయి. మధ్యలో చిరిగింది.

ఎరుపు మాత్రం పోలేదు.

బెస్త ఆడవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి ఆ చిరుగుగుడ్డను చేత్తో తడిమి చూసి పోయేవారు. గంగులు పెళ్ళాం కూడా వచ్చింది. తడిమింది. చెంపకు ఆనించుకుంది. పోయింది.

అప్పట్నుంచి దాన్ని ఎవరూ గావంచా అనలేదు. తవిటమ్మ గుడ్డ అన్నారు.

*

గుడ్డ పెరిగింది. ఇల్లు పెరిగింది. ఊరు పెరిగింది.

తవిటమ్మ కొడుకు దేవేంద్ర గుంట మగ్గాలు తీయించి షెడ్లు వేశాడు. కరెంటు మగ్గాలు తెచ్చాడు. వాటి మోతకు ఊళ్ళో కాకులు వాలడం మానేశాయని నవ్వుకునేవారు. కొడుకులను పనికి పంపాలంటే ఊరు దాటక్కర్లేదు. కోడళ్ళు కండెలు చుట్టేవారు. ముసలివాళ్ళు పోగులు అతికేవారు. విజయనగరం జాతరలో సిరిమాను కదిలే రోజున జనం మీద నుంచి చూస్తే ఎక్కడ చూసినా తవిటమ్మ గుడ్డే. కావిళ్ళు మోసేవాడి భుజం మీదా, పెళ్ళికొడుకు పల్లకీ ముందు డప్పు కొట్టేవాడి నడుముకీ అదే ఎరుపు.

కొత్తగా ఊళ్ళోకి వచ్చిన ఎవరైనా "ఏం చేస్తుంటారు?" అని అడిగితే ఊరివాళ్ళు ఒకే మాట చెప్పేవారు.

"ఎరుపు."

అద్దకం అయ్యాక తొట్లలో నీళ్ళు మిగులుతాయి.

వాటిని ఏం చేయాలని ఎవరూ అడగలేదు. షెడ్డు వెనక దేవేంద్ర ఒక గుంట తవ్వించాడు. నీళ్ళు అందులోకి పోయేవి. పొద్దున పోసినవి సాయంత్రానికి కనిపించేవి కావు.

"భూమి తాగేస్తాదిలే" అనేవాడు.

భూమి తాగింది. పగలు తాగింది. వానాకాలం తాగింది. తవిటమ్మ బతికున్నంత కాలం తాగింది. ఆమె పోయినప్పుడు ఊరంతా ఆమె గుడ్డే భుజాన వేసుకుని వెనక నడిచింది. దూరం నుంచి చూసినవాళ్ళు గెడ్డ గట్టు మీద మోదుగలు పూశాయనుకున్నారట.

దేవేంద్ర పోయేనాటికి కూడా భూమి తాగుతూనే ఉంది.

అరుణశ్రీ ఒక్కతే కూతురు. శ్రీకాకుళంలో చదువుకుంది. మేనబావ ఈశ్వర్‌ని చేసుకుంది. అతను నరసన్నపేటలో కొట్టు చూసుకుంటాడు. షెడ్లు ఆమెవి. అద్దకం ఆమెది. నాయనమ్మలా తనూ పొద్దున్నే లేచి తొట్ల దగ్గర నిలబడేది. పెద్దదయ్యాక కూడా, ఆ రెండో ముంపు దగ్గర, ఎవరూ చూడకుండా, గుండె ఒకసారి ఎగిరేది.

జోగయ్య ఇంకా ఉన్నాడు. జుట్టు నెరిసింది. చేతులు ఎప్పటిలా ఎరుపే.

*

ఒక వేసవిలో, మధ్యాహ్నం, జోగయ్య పెళ్ళాం లక్ష్మణమ్మ బిందెతో వచ్చింది.

వాకిట్లో దించింది. పైట కొంగుతో మొహం తుడుచుకుంది.

అరుణశ్రీ బిందెలోకి చూసింది.

బియ్యం కడిగిన నీళ్ళల్లో కుంకుమ పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎక్కువ కాదు. ఎండలో పెట్టి, కళ్ళు చిట్లించి చూస్తేనే తెలిసేంత. కాని చూశాక... చూడనట్టు ఉండలేనంత.

"ఎక్కడివి పిన్నీ?"

"మా నూతివి."

"ఎప్పట్నించి?"

లక్ష్మణమ్మ తల దించుకుంది. తప్పు తనదైనట్టు.

"సాన్నాళ్ళయింది. ముందు మా కళ్ళదే తేడా అనుకున్నాం. తోమితే పోతాది, తోడితే పోతాది అనుకున్నాం. మీ జోగయ్య బాబాయి సెప్పొద్దన్నాడమ్మా. అరుణమ్మ బాధపడతాది, సెప్పొద్దన్నాడు."

బిందె మధ్యలో ఉంది. ఇద్దరాడవాళ్ళు చెరోవైపు.

అరుణశ్రీకి ఆ రంగు తెలుసు. లోకంలో ఇంకెవరైనా పొరబడొచ్చు. ఏ మన్నో, ఏ ఆకో అనుకోవచ్చు. ఆమె పేరే అది. ఆమెను చుట్టిన గుడ్డ అది.

ఆ నీళ్ళు తాగేవారా అని అడగాలనుకుంది. అడగలేదు. ఊళ్ళో ఉన్నవి ఆ నూతులే. ఇంకేం తాగుతారు?

ఊరికి ట్యాంకరు తెప్పించింది. ఎవరెవరినో బతిమాలితే, ఎవరో వచ్చి పరీక్షకని నూతి నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు. మూతలు గట్టిగా బిగించారు. ఏమైందో చెబుతామన్నారు. ఆ సీసాలు ఎటు పోయాయో... కబురు మాత్రం రాలేదు.

ఆ ఏటి వానల్లోనే జోగయ్య పడిపోయాడు.

ముందు అన్నం సహించలేదు. తర్వాత కాళ్ళు వాచాయి. విశాఖపట్నం పెద్దాసుపత్రికి అరుణశ్రీ తనే తీసుకుపోయింది. లోపలేదో పాడైందన్నారు. చాలా పాడైందన్నారు.

"నీళ్ళవల్లా?" అని అడిగింది. "రంగువల్లా?"

డాక్టరు చిన్న వయసువాడు. అలసిపోయి ఉన్నాడు. అబద్ధం చెప్పే మనిషిలా లేడు.

"అని చెప్పలేనమ్మా. కాదనీ చెప్పలేను."

ఆ మాటతో ఆమె ఏం చేసుకోవాలి? నేరమైతే మోసేది. నేరం కాకపోతే దించేది. ఇది రెండూ కాదు.

మంచం మీద జోగయ్య తన చేతులు తిప్పి తిప్పి చూసుకున్నాడు. తెల్లటి దుప్పటి మీద ఆ చేతులు వేరే ఎవరివో అక్కడ పెట్టి మరిచిపోయినట్టున్నాయి.

"బాబాయ్," అంది. "నన్ను తిట్టు."

అతను నవ్వాడు.

"నిన్నేటి తిడతాను? ఈ సేతుల్తోనే గదా పిల్లల్ని పెంచినాను. ఈ సేతులు సూసే గదా మీ పిన్ని నన్ను సేసుకున్నాది. ఎర్రసేతులోడికి పని ఉన్నాదని." ఊపిరి తీసుకున్నాడు. "రంగు మంచిదమ్మా. మా మంచి రంగు. దాన్నేటీ అనకు."

దసరా వెళ్ళాక పోయాడు.

వాకిట్లో పీట మీద కూర్చోబెట్టి స్నానం చేయించారు. ట్యాంకరు నీళ్ళు. కడవలు కడవలు పోశారు. కొడుకు తండ్రి చేతులను సబ్బుపెట్టి రుద్దాడు. రుద్దుతూనే ఉన్నాడు. ఎవరో వచ్చి "సాల్లేరా" అని భుజం పట్టుకునేదాకా రుద్దుతూనే ఉన్నాడు.

*

అరుణశ్రీ అద్దకం ఆపేసింది.

తొట్లు ఖాళీ చేయించి బోర్లించింది. పొడి డబ్బాలు కట్టకట్టి, ఎక్కడి నుంచి వచ్చాయో అక్కడికే పంపేసింది. షెడ్డుకి తాళం వేసింది. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి, ఇక అయిపోయింది, ఇకనైనా ఆగుతుంది అనుకుంది.

ఆగలేదు.

నూతిలో నీళ్ళు మరుసటి నెలా అలాగే ఉన్నాయి. ఆ మరుసటి నెల ఇంకో నూతిలో. ఆ తర్వాత గెడ్డ అవతల, కొబ్బరితోటలో బోరు. ఆమె ఆపింది. భూమి ఆపలేదు. ఇన్నాళ్ళూ తాగినదాన్ని అది తీరిగ్గా, దిక్కు తెలియకుండా, ఒక్కో ఇంటికీ పంచుతోంది.

"పోనీ, ఆ మన్ను తీయించేద్దాం" అంది ఈశ్వర్‌తో.

అతను పళ్ళెంలో చెయ్యి ఆపి ఆమెకేసి చూశాడు.

"తీసి ఎక్కడ పోస్తావే?"

అయినా యంత్రం పిలిపించింది. చేతులు కట్టుకుని కూర్చోలేకపోయింది.

షెడ్డు వెనక గుంట దగ్గర తవ్వడం మొదలుపెట్టారు. పైన ఎరుపు. అది తెలిసిందే. కింద కూడా ఎరుపు. ఇంకా కింద—తడి ఎరుపు, కోసిన పచ్చిమాంసంలాంటి ఎరుపు. తవ్వేవాడు యంత్రం ఆపి కిందికి వంగి చూశాడు.

"ఇంకా ఎరుపేనమ్మా."

"తవ్వు."

మళ్ళీ ఆపాడు.

"ఇంకా ఎరుపే."

"తవ్వు బాబూ."

యంత్రం చెయ్యి చాలినంత దూరం తవ్వాడు. అక్కడా ఎరుపే. ఆపైన నీళ్ళు ఊరాయి. అతను తలపాగా విప్పి మొహం తుడుచుకుని, ఇక తన వల్ల కాదన్నాడు. ఆ తలపాగా తవిటమ్మ గుడ్డే. ఆమె చూసింది. చూపు తిప్పుకుంది.

గుంట పక్కన మన్ను కొండలా పేరుకుంది.

ఆ మన్నును ఎవరు తీసుకుంటారు? ఇటుక బట్టీవాళ్ళు వచ్చి, వాసన చూసి, వెళ్ళిపోయారు. రోడ్డు పనివాళ్ళు వద్దన్నారు. ఈశ్వర్ ఊరూరా తిరిగాడు. పాడుబడ్డ క్వారీ ఉందంటే వెళ్ళి చూశాడు. దాని కింద పొలాలున్నాయి. తిరిగొచ్చాడు. ఎక్కడికి పోయినా ప్రతి గుంట కిందా ఎవరిదో ఒక పొలం, ప్రతి పొలం పక్కనా ఎవరిదో ఒక నుయ్యి.

టార్పాలిన్లు కప్పించింది. తాళ్ళు కట్టించింది. రాళ్ళు పెట్టించింది.

సముద్రం మీద వాయుగుండం పట్టింది.

గాలి ముందు వచ్చింది. టార్పాలిన్ ఒక మూల లేచింది. ఈశ్వర్, ఆమె, జోగయ్య కొడుకు ముగ్గురూ వానలో పరుగెత్తారు. ఒక మూల పట్టుకుంటే ఇంకో మూల లేచింది. తాడు చేతుల్లోంచి జారి అరచేతులు కోసింది. టార్పాలిన్ పెద్ద రెక్కలాగా ఒకసారి కొట్టుకుని, తోట మీదుగా ఎగిరిపోయింది.

ఆమె మన్ను మీద పడుకుంది.

చేతులు చాపి, కాళ్ళు చాపి, తను కప్పగలిగినంత కప్పింది.

ఎంతని కప్పుతుంది? వాన వీపు మీద కొడుతోంది. రెండు పక్కలా ఎర్రటి నీళ్ళు కాలవలు కట్టాయి. వేళ్ళ సందుల్లోంచి, చంకల కిందనుంచి, మెడ పక్కనుంచి... పోతున్నాయి. వాలు ఎటుంటే అటు. గెడ్డలోకి.

"లే అరుణా! లే!" ఈశ్వర్ అరుస్తున్నాడు. "ఏటి సేస్తావే నువ్వు, ఒక్కర్తివీ?"

లేపి కూర్చోబెట్టాడు. ఆమె చూస్తూ కూర్చుంది.

ఇన్నేళ్ళూ భూమి లోపల దాచుకున్నదాన్ని తనే పైకి తీసింది. తనే దారి చూపించింది. మంచి చేద్దామనే.

మంచి చేద్దామనే.

*

మగ్గాలు మాత్రం కొన్నాళ్ళు నడిచాయి. బయట అద్దిన నూలు తెప్పించి నేయించింది. దాని ఎరుపు వేరు. చూడటానికి బాగుండేది. ఉతికితే బకెట్టు నిండా దిగేది. కళింగపట్నం నుంచి ఒక బేరగాడు కట్ట వెనక్కి తెచ్చి, నొప్పించకూడదని మెల్లగా చెప్పాడు.

"ఇది తవిటమ్మ గుడ్డ కాదు గదమ్మా."

ఒక షెడ్డు ఆగింది. తర్వాత ఇంకోటి. ఆగిన మగ్గాల మీద పడుగు అలాగే ఉండిపోయింది. సగం నేసిన గుడ్డ మీద సాలీళ్ళు తమ పోగులు తాము నేసుకున్నాయి. మగవాళ్ళు బస్సెక్కి విశాఖపట్నం పోయారు, చెన్నై పోయారు, ఎక్కడ ఇళ్ళు కడుతుంటే అక్కడికి పోయారు. ఊళ్ళో కాకులు మళ్ళీ వాలాయి.

అప్పుడొచ్చారు ఆడవాళ్ళు.

కండెలు చుట్టినవాళ్ళు, పోగులు అతికినవాళ్ళు. పొద్దున్నే, గుంపుగా, అరుణశ్రీ వాకిట్లోకి. ముందు లక్ష్మణమ్మ. నుదుట బొట్టు లేదు. చెవులకు పోగులు లేవు.

అరుణశ్రీ లేచి నిలబడింది. తిట్టడానికి వచ్చారనుకుంది. రావాలనే చాలాకాలంగా చూస్తోంది. తిడితే కొంచెం గాలి ఆడుతుందనుకుంది.

లక్ష్మణమ్మ అరుగు మీద చతికిలబడింది.

"అద్దకం మొదలెట్టమ్మా."

తను సరిగ్గా వినలేదనుకుంది.

"ఏటి పిన్నీ?"

"తొట్లు తిరగెయ్. పొడి తెప్పించు. మన ఎరుపు మనం సేసుకుందాం."

"పిన్నీ... నీ నుయ్యి..."

"నుయ్యి పోనాది. తాళం ఏసినావు, బాగయ్యిందా? నేదు గదా. నువ్వు ఆపినా పాడే, ఆపకపోయినా పాడే." గొంతులో కోపం లేదు. పిల్లకు లెక్క అర్థమయ్యేలా చెబుతున్న గొంతు. "నీళ్ళు ట్యాంకరు తెస్తాది. పని ఏ ట్యాంకరు తెస్తాదమ్మా?"

వెనక నుంచి ఇంకో ఆమె అంది—"నా కొడుకు ఎక్కడో పదంతస్తుల మీద కర్రలు కడతన్నాడమ్మా. ఫోను మోగితే నాకు గుండాగిపోతన్నాది."

మిగతావాళ్ళు తలలూపారు. అందరి మాటా అదే.

అరుణశ్రీ మాటలు వెతుక్కుంది. నీళ్ళు శుభ్రం చేసే యంత్రాలుంటాయని చెప్పాలనుకుంది. అవి తమలాంటివాళ్ళకు అందవని తనే చాలాసార్లు కనుక్కుంది. వేరే రంగు, విషం లేని రంగు ఉందని చెప్పాలనుకుంది. అది ఉప్పునీళ్ళకు నిలవదని తనే వెదురు పాతి చూసి వచ్చింది. వేరే పని చూద్దామనాలనుకుంది. ఏ పని?

ఒక్కో మాటా గొంతు దాకా వచ్చి, ముందున్న మొహాలు చూసి వెనక్కి పోయింది.

చివరికి ఒకటే దొరికింది.

"తొట్టి దగ్గర ఎవరు నిలబడతారు పిన్నీ? జోగయ్య బాబాయి తర్వాత... ఎవర్ని నిలబెట్టమంటావు? ఎవరి చేతులు ముంచమంటావు?"

లక్ష్మణమ్మ ఆ ప్రశ్న కోసమే వచ్చినట్టుంది. రెండు చేతులూ ముందుకు చాపింది. బక్కచేతులు. గాజులు తీసేసిన చోట చర్మం ఇంకా పాలిపోయి ఉంది.

"నాను నిలబడతాను."

"వద్దు!"

"మీ బాబాయికి అన్నం అట్టుకెళ్ళి రోజూ పక్కనే కూకునేదాన్ని. ఎంత సోడా, ఎంత పొడి, ఎప్పుడు ముంచాల, ఎప్పుడు తియ్యాల—నాకు తెల్దా?"

"వద్దు పిన్నీ. నీకు దండం పెడతాను, వద్దు."

"మరేటి సెయ్యమంటావు?" లక్ష్మణమ్మ చేతులు దించలేదు. "ఆ నీళ్ళు నాను తాగేసినానమ్మా. ఇన్నేళ్ళు తాగేసినాను. ఇంక నాకేటి కొత్తగా అవుతాది? కుర్రోళ్ళని నిలబెట్టకు. నన్ను నిలబెట్టు."

అరుణశ్రీ ఆ చేతులు పట్టుకుంది. వెనక్కి నెట్టడానికి పట్టుకుందో, వదలలేక పట్టుకుందో ఆమెకే తెలియలేదు. అరుగు మీద అలాగే కూలబడింది. ఏడవాలనుకుంది. జోగయ్య భార్య ముందు ఏడవడానికి తనకేం హక్కు?

లక్ష్మణమ్మే ఆమె తల నిమిరింది. చిన్నపిల్లకు నిమిరినట్టు.

"ఆలోసించుకో అమ్మా. బేగి సెప్పు" అంది. లేచింది.

ఆడవాళ్ళు ఇళ్ళకు పోలేదు.

అరుణశ్రీ తల ఎత్తి చూసేసరికి షెడ్డు ముందున్నారు. తాళం వేసినప్పట్నుంచి అక్కడ ఎవరూ తిరగలేదు. వయ్యారిభామ కలుపు నడుము దాకా పెరిగింది. వాళ్ళు చీర కుచ్చిళ్ళు పైకి దోపి, వంగి, మొక్కలు పీకుతున్నారు. ఒకామె ఎక్కడి నుంచో చీపుళ్ళు తెచ్చింది. తడికి మెత్తబడ్డ ఆకులు, మేకల పెంటికలు, చినిగిన టార్పాలిన్ ముక్క... ఊడ్చి ఒక పక్కకు చేరుస్తున్నారు. ఎవరో ఏదో అన్నారు. ఎవరో నవ్వారు. ఆగిన మగ్గాల ఊళ్ళో ఆ నవ్వు వినపడి ఎన్నాళ్ళయిందో.

సరే అనలేదు ఆమె.

వద్దు, ఆపండి అని కేక వేయడానికి నోరు తెరిచింది. అరుగు మీద నుంచి లేచి, మళ్ళీ కూర్చుంది.

ఈశ్వర్ గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఆమెను చూశాడు. షెడ్డు వైపు చూశాడు.

చీపుళ్ళ చప్పుడు గోడ పక్కనుంచి, గుంట పక్కనుంచి, మెల్లగా, తలుపు దాకా వచ్చింది.

అక్కడ ఆగింది.

తాళంచెవి అడగలేదు వాళ్ళు. చీపుళ్ళు గోడకు ఆనించి, గడప ముందు వరసగా కూర్చున్నారు—ఆమె వచ్చేదాకా.